కాలువ ఎందుకు ఆగిందని అడిగితే జవాబు రాదు, ఎం-బుక్ అడిగితే వస్తుంది

మా వీధి మురుగు కాలువ సగంలో ఆగిపోయి రెండేళ్ళు దాటాక, సమాచార హక్కు చట్టం కింద నా మొదటి దరఖాస్తు పెట్టాను. మేముండేది తిరుపతి అంచున. ఏ ఆఫీసో చెప్పను. అక్కడి వాళ్ళు ఇప్పటికీ ఎదురుపడితే నవ్వుతారు, నేనూ నవ్వుతాను. తెల్ల కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాశాను. కాలువ పని ఎందుకు ఆగింది? దీనికి బాధ్యులెవరు? ఎప్పటికి పూర్తి చేస్తారు? ఇన్నాళ్ళూ మేం దోమలతో పడిన బాధకు ఎవరు సమాధానం చెబుతారు? రాస్తుంటే కడుపు చల్లబడింది. ఇరవై ఎనిమిదో రోజున జవాబొచ్చింది. ఒకటే వాక్యం: తమరు కోరినది చట్టంలోని 2(ఎఫ్) నిర్వచనం ప్రకారం సమాచారం కిందికి రాదు.

ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ కాగితం చూపించి తిట్టాను. తర్వాత చట్టం తెలుగు ప్రతి తెచ్చుకుని చదివితే అర్థమైంది. ఆ ఆఫీసు బద్ధకంగా రాసిందేమో గానీ తప్పు మాత్రం రాయలేదు.

2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న ఈ చట్టం పౌరుడికి ఇచ్చింది ప్రశ్నించే హక్కు అని అందరం అనుకుంటాం. పేపర్లలోనూ అలాగే రాస్తారు. నిజానికి అది ఇచ్చింది ఆఫీసులో ఉన్న రికార్డు చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు. ఫైలు, లాగ్ బుక్, ఒప్పందం, ఉత్తర్వు, నివేదిక, ఈమెయిలు, నమూనా, కంప్యూటరులో ఉన్న డేటా, ఇవన్నీ సమాచారమే. ఎవరైనా అధికారి ఫైలు మీద రాసిన అభిప్రాయం, సలహా కూడా సమాచారమే. కానీ ఆ అభిప్రాయం ఇప్పటికే కాగితం మీద ఉండి ఉండాలి. నా కోసం కొత్తగా ఆలోచించి, కారణం కనిపెట్టి రాసివ్వమంటే ఆ పని చట్టం చెప్పదు. సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఉన్నది ఇవ్వాలి, లేనిది తయారు చేసి ఇవ్వనక్కర్లేదు. అదే తీర్పులో, సిబ్బందిలో ముప్పాతిక మంది ముప్పాతిక కాలం దరఖాస్తులకు జవాబులు రాసుకుంటూ కూర్చోవడం దేశానికి అక్కర్లేదన్న మాట కూడా ఉంది. ఆఫీసుల్లో కొందరికి తీర్పు మొత్తంలో ఆ ఒక్క వాక్యమే కంఠతా వస్తుంది.

కాబట్టి ‘ఎందుకు ఆగింది’ అనేది ప్రశ్న. ‘గడువు పొడిగింపు ఉత్తర్వు నకలు’ అనేది కాగితం. మొదటి దానికి జవాబు రాదు. రెండోది ఉంటే ఇవ్వాలి, లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పాలి. లేదని చెప్పినా మనకు లాభమే, పొడిగింపు లేకుండానే పని ఆగిందని తేలుతుంది. ఈ తేడా ఒంటబడితే దరఖాస్తు రాయడం సగం వచ్చినట్టే. మిగతా సగం, ఆ కాగితం పేరేమిటో, ఏ బీరువాలో ఉంటుందో తెలుసుకోవడం.

వీధి కాలువ సిమెంటుతో కట్టేలోపు కాగితం మీద ఒకసారి కట్టి ఉంటారు. కాలనీ వాళ్ళ అర్జీతోనో, కార్పొరేటరు లేఖతోనో, వార్డు సచివాలయం నుంచి వచ్చిన ప్రతిపాదనతోనో ఫైలు పుడుతుంది. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చి టేపు పట్టి ఎస్టిమేట్ వేస్తారు. ఏ పద్దు నుంచి డబ్బు ఇవ్వాలో తేలుస్తూ పరిపాలనా ఆమోదం, డిజైనూ రేట్లూ సరిపోయాయని సాంకేతిక ఆమోదం వస్తాయి. తర్వాత టెండరు నోటీసు. ఎవరెవరు ఎంతకు వేశారో చూపించే కంపారిటివ్ స్టేట్‌మెంట్. కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, అందులో గడువు, జరిమానా షరతులు, పని దెబ్బతింటే ఎన్నాళ్ళదాకా కాంట్రాక్టరే బాగుచేయాలన్న షరతు. సైటు అప్పగించిన తేదీ. పని నడుస్తుండగా కొలతలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్షలు. అనుకున్న పనిలో మార్పొస్తే డీవియేషన్ స్టేట్‌మెంట్. చివరికి బిల్లు, వోచరు, పూర్తయినట్టు సర్టిఫికెట్. ఇదంతా అయ్యాక ఆడిట్ వాళ్ళు వచ్చి అభ్యంతరాలు రాసిపోతారు. మన వీధి గురించి ఇన్ని కాగితాలు ఉంటాయని చాలామందికి తెలియదు. నాకూ తెలియలేదు. రిటైరైన ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు టీ కొట్టు దగ్గర చెప్పాడు. “ఎందుకు సామీ ఇవన్నీ రాస్తావు, ఎం-బుక్ అడుగు చాలు” అన్నాడు.

ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్, కొలతల పుస్తకం. ఇంజనీరింగ్ విభాగంలో దీనికున్న మర్యాద ఇంకే పుస్తకానికీ లేదు. పేజీలకు ముందే నంబర్లు అచ్చేసి ఉంటాయి, చింపడానికి వీల్లేదు, కొట్టేస్తే పక్కన సంతకం పెట్టాలి. ఏఈ కొలతలు రాస్తే పై ఇంజనీరు డీఈ చెక్ మెజర్‌మెంట్, అంటే మళ్ళీ కొలిచి చూడడం, చేసి సంతకం పెడతారు. బిల్లు కట్టేది ఈ అంకెల మీదనే. ఒక్క వరుస చూడండి. మట్టి తవ్వకం అని ఉండి, ఎదురుగా 1, 30.00, 0.60, 0.75, చివర 13.50 అని ఉందనుకోండి. ఒక కాలువ, ముప్పై మీటర్ల పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు, డెబ్బై ఐదు సెంటీమీటర్ల లోతు, మొత్తం పదమూడున్నర ఘనపు మీటర్ల మట్టి తీశారని అర్థం. ఈ పేజీ నకలు పట్టుకుని, మేస్త్రీ దగ్గర టేపు అప్పు తీసుకుని వీధిలోకి వెళ్తే పదో తరగతి పిల్లాడు కూడా తనిఖీ చేయగలడు. పూడ్చేసిన లోతు కొలవలేం, నిజమే. పొడవూ వెడల్పూ మాత్రం ఎక్కడికీ పోవు.

ఇక ఆఫీసు సంగతి. వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయం కావచ్చు గానీ తిరుపతిలో మాత్రం సగం దరఖాస్తులు ఇక్కడే తప్పిపోతాయి. నగరపాలక సంస్థ ఉంది. కొత్త లేఅవుట్ల అనుమతులు చూసే తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, ఉంది. స్మార్ట్ సిటీ పనులకు కంపెనీ రూపంలో ఏర్పడిన తిరుపతి స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ ఉంది. కంపెనీ అయినా ప్రభుత్వానిదే కాబట్టి చట్టం దానికీ వర్తిస్తుంది. తితిదే సరేసరి, దాని ఇంజనీరింగ్ విభాగం దానిదే, రికార్డులూ దానివే. కొన్ని రోడ్లు ఆర్ అండ్ బీవి, బైపాసులు జాతీయ రహదారుల వాళ్ళవి. కాస్త పక్కకు పోతే పంచాయతీ. రోడ్డుకు ఒక పక్క కార్పొరేషన్ చెత్తబండి, ఇంకో పక్క పంచాయతీ ట్రాక్టరు తిరిగే చోట్లు మనకు తెలియనివి కావు.

నగరం మధ్యలో కట్టిన ఎత్తయిన వంతెననే తీసుకోండి. గరుడ వారధి అని మొదలుపెట్టారు, 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు పేరుతో ప్రారంభించారు. డబ్బు పెట్టింది స్మార్ట్ సిటీ సంస్థ, తితిదే కలిసి. దాని అగ్రిమెంటు కావాలని కార్పొరేషన్ కమిషనరుకు రాస్తే ఆయన దగ్గర ఉండాలన్న రూలేమీ లేదు. తితిదే తన వాటా ఎప్పుడెప్పుడు ఎంత ఇచ్చిందో కావాలంటే అది తితిదే తీర్మానాల్లో, లెక్కల్లో దొరుకుతుంది. టెండరు, కొలతలు కావాలంటే స్మార్ట్ సిటీ సంస్థ. ఒకే వంతెనకు రెండు దరఖాస్తులు.

చెరువుల సంగతి ఇంకా చిక్కు. 2021 నవంబరు వానలకు నగరంలో వీధులు ఏరులైనప్పుడు ఆక్రమణల మాట అందరి నోటా వచ్చింది. వాగు ఎంత వెడల్పు ఉండాలో చెప్పే సర్వే రికార్డు, ఎఫ్‌ఎంబీ అనే సర్వే కొలతల పటం, రెవెన్యూ దగ్గర ఉంటాయి. చెరువు కట్ట, తూము నీటిపారుదల శాఖవి కావచ్చు, పంచాయతీవి కావచ్చు. వాగు మీద లేచిన ఇంటికి ప్లాను ఆమోదం ఉందా లేదా అన్నది కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ దగ్గరో, తుడా దగ్గరో తేలాలి. మూడూ కలిపి ఒక్క దరఖాస్తులో రాసి పంపితే అది ఆ మూడింటి మధ్యా తిరుగుతూ ఉంటుంది.

తప్పు ఆఫీసుకు పంపామని పూర్తిగా భయపడనక్కర్లేదు. చట్టంలో 6(3) సెక్షన్ ఉంది. సమాచారం వేరే సంస్థ దగ్గర ఉంటే, వచ్చిన దరఖాస్తును అయిదు రోజుల్లోగా అక్కడికి పంపి మనకు ఆ మాట చెప్పాలి. ‘ఇది మా పరిధిలోకి రాదు’ అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపడం కుదరదు. కానీ ఒకే దరఖాస్తులో పది శాఖలవి అడిగితే అన్నింటికీ పంచిపెట్టే బాధ్యత మాది కాదంటారు, ఆ వాదనకు బలం కూడా ఉంది. ఒక ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టడమే మేలు. పది రూపాయలు ఎక్కువైతే కానీండి.

పాత రికార్డులు అడిగేవాళ్ళు ఇంకో రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. తిరుపతి మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది 2007లో, కార్పొరేషనుగా మొదటి కౌన్సిల్ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో, 50 డివిజన్లకు. మరి 2015లో ఒక కాంప్లెక్సు అద్దె తగ్గించారనుకోండి, దానికి ‘కౌన్సిల్ తీర్మానం’ అడిగితే లేదనే జవాబొస్తుంది. అది నిజమే, అప్పుడు కౌన్సిలే లేదు. ‘స్పెషల్ ఆఫీసరు తీర్మానం లేదా ఉత్తర్వు’ అని అడగాలి. రెండోది, 2022 ఏప్రిల్ 4. ఆ రోజు తిరుపతి జిల్లా పుట్టింది. అంతకుముందు శ్రీకాళహస్తి, చంద్రగిరి ఫైళ్ళు చిత్తూరు కలెక్టరేటుకు పోయేవి, సూళ్ళూరుపేటవి నెల్లూరుకు పోయేవి. జిల్లా స్థాయి పాత ఫైలు కావాలంటే ఇప్పటి ఆఫీసుకు రాస్తూనే, ‘తమ వద్ద లేకుంటే 6(3) ప్రకారం చిత్తూరుకు (లేదా నెల్లూరుకు) బదిలీ చేయగలరు’ అని ఒక వాక్యం చేర్చండి. ఇరవై రోజులు కలిసొస్తాయి.

నా రెండో దరఖాస్తు ఇలా రాశాను:

‘ఫలానా వార్డు, ఫలానా వీధిలో సిమెంటు కాలువ నిర్మాణ పనికి సంబంధించి: 1. మంజూరైన ఎస్టిమేట్ నకలు. 2. కాంట్రాక్టు అగ్రిమెంటు నకలు. 3. ఎం-బుక్‌లో ఈ పని కొలతలు నమోదైన పేజీల నకళ్ళు. 4. డీవియేషన్ స్టేట్‌మెంట్, గడువు పొడిగింపు ఉత్తర్వులు ఉంటే వాటి నకళ్ళు. 5. ఈ పని ఫైలును, నోట్ ఫైలుతో సహా, స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం.’

అంతే, అర పేజీ. కోపం లేదు, దోమలు లేవు. ఎందుకు కావాలో రాయలేదు, ఎందుకంటే కారణం అడగకూడదని 6(2) చెబుతోంది. నా పేరు, అడ్రసు, సంతకం, తేదీ పెట్టాను. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద పంపుదామని కార్యదర్శిగారు అన్నారు గానీ వద్దన్నాను. హక్కు పౌరుడిదని చట్టం అంటుంది కాబట్టి, సంఘం పేరు మీద పెడితే ఆ సాకుతో తిప్పి పంపే వీలుంది. ప్రత్యేక ఫారం కోసం జిరాక్స్ షాపుల చుట్టూ తిరగనక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. తెలుగులో రాయొచ్చు.

ఫీజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి అయిదు రూపాయలు, ఆ పైన పది. తెల్ల రేషన్ కార్డు లాంటి ఆధారంతో దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నట్టు చూపిస్తే అదీ లేదు. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, పోస్టల్ ఆర్డరు పెట్టొచ్చు, కోర్టు ఫీ స్టాంపు అంటించొచ్చు. నకలు పేజీకి రెండు రూపాయలు. ఫైలు చూడడానికి మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు అయిదు రూపాయలు. చేతికిస్తే ఇన్‌వర్డ్‌లో ముద్ర, నంబరు వేయించుకోవాలి. పోస్టులో పంపాలంటే ఇప్పుడు స్పీడ్ పోస్టే, 2025లో రిజిస్టర్డ్ పోస్టును అందులో కలిపేశారు.

గడువు ముప్పై రోజులు. దరఖాస్తు ఆఫీసుకు అందిన రోజు నుంచి లెక్క. ఇక్కడొక మెలిక ఉంది, తెలియక చాలామంది గొడవ పడతారు. నకళ్ళకు ఇంత కట్టండి అని వాళ్ళు లేఖ పంపిన రోజున గడియారం ఆగుతుంది, మనం డబ్బు కట్టిన రోజున మళ్ళీ నడుస్తుంది. లేఖ ఇంట్లో పడుంటే ఆ ఆలస్యం మనది. ఆ లేఖలో ఎన్ని పేజీలు, పేజీకి ఎంత అన్న లెక్క ఉండాలి, ‘అయిదు వందలు కట్టండి’ అని గుండుగుత్తగా రాస్తే చెల్లదు. ముప్పై రోజులు దాటాక మాత్రం ఎన్ని పేజీలైనా ఉచితంగా ఇవ్వాల్సిందే, 7(6) ఆ మాట చెబుతోంది. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే గడువు 48 గంటలే. మురుగు కాలువను అందులోకి లాగాలని నాకూ అనిపించింది గానీ కుదరదు.

పరిశీలనకు పిలుపొచ్చింది. నన్ను అడిగితే ఈ చట్టంలో అన్నిటికంటే విలువైనదీ, జనం అన్నిటికంటే తక్కువ వాడేదీ ఈ పరిశీలనే. నకలు అడిగితే మనం పేరు పెట్టి అడిగిందే వస్తుంది. ఫైలు చేతికొస్తే మనకు పేరు తెలియని కాగితాలు కూడా కనిపిస్తాయి. ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన టకటకమనే ఫ్యాను. జూనియర్ అసిస్టెంటు ఫైలు తెచ్చి పెట్టి, “చూసుకోండి సార్, ఫోటోలు మాత్రం నన్నడిగి తీయండి” అంది. ట్యాగు దారం కట్టిన ఫైలు. ఎడమ పక్క నోట్ ఫైలు, పచ్చ కాగితాలు, కింది నుంచి పైకి ఎవరు ఎవరికి ఏం రాశారో వరుసగా ఉంది. కుడి పక్క ఉత్తరప్రత్యుత్తరాలు. నేను నేరుగా ఎం-బుక్ పేజీలకు పోయాను. కొలతలు వరుసగా ఉన్నాయి. కట్టిన పొడవుకే బిల్లు చేశారు, ఒక్క మీటరు ఎక్కువ రాయలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశ కలిగింది. రెండేళ్ళుగా కాలువ డబ్బులు మింగేశారని వీధంతా నమ్ముతున్నాం మరి.

నోట్ ఫైలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. పని సగంలో ఉండగా మా వీధి వాసి ఒకరు అర్జీ పెట్టారు. కాలువ తవ్వితే తన గేటు ముందు ర్యాంపు పోతుందని, కారు లోపలికి పోదని, పని ఆపమని. ఏఈ స్థలం చూసి, అభ్యంతరం ఉన్నందున మిగిలిన ముప్పై మీటర్లు పక్క క్రాసు వీధికి మార్చవచ్చునని నోట్ రాశారు. పైవాళ్ళు సంతకాలు పెట్టారు. డీవియేషన్ స్టేట్‌మెంట్ జతచేశారు. పక్క వీధిలో కాలువ నిగనిగలాడుతుండడానికి కారణం అది. అర్జీదారు పేరు ఉన్న చోట ఫైలులో తెల్ల కాగితం ముక్క అంటించి ఉంది. అది నేను వచ్చే ముందు అంటించినట్టుంది, గమ్ ఇంకా ఆరలేదు.

ఆ తెల్ల కాగితం ముక్క దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇప్పుడు ఈ చట్టంలో పెద్ద తగువంతా అక్కడే ఉంది. 8(1)(జె) అనే సెక్షన్ వ్యక్తిగత సమాచారానికి సంబంధించింది. పాత రూపంలో దానికి రెండు కొలబద్దలు ఉండేవి. అడిగిన వివరానికి ప్రజా వ్యవహారంతో సంబంధం లేకపోయినా, ఇస్తే ఆ మనిషి ఏకాంతంలోకి అనవసరంగా చొరబడినట్టయినా నిరాకరించవచ్చు. అయినా విస్తృత ప్రజాప్రయోజనం ఉందనుకుంటే ఇవ్వచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్‌తో ఆ కొలబద్దలన్నీ తీసేసి, ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం’ అని కురచగా మార్చింది. 2025 నవంబరులో ఇది అమల్లోకి వచ్చింది. ఇక ఏ కాగితం మీద మనిషి పేరున్నా వ్యక్తిగతమే అనేయడం తేలికైంది. కాంట్రాక్టరు పేరు, లబ్ధిదారుల జాబితా, లేఅవుట్ యజమాని పేరు, అన్నీ ఈ గొడుగు కిందికి లాగే ప్రమాదం ఉంది. నా ఉద్దేశంలో ఇది చట్టానికి తగిలిన పెద్ద దెబ్బ. ఎందుకంటే స్థానిక సంస్థలో మనుషుల పేర్లు లేని రికార్డంటూ దాదాపు ఉండదు.

అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. 8(2) అలాగే ఉంది. దాచడం వల్ల కలిగే రక్షణ కంటే బయటపెట్టడం వల్ల ప్రజలకు జరిగే మేలు ఎక్కువైతే, మినహాయింపు ఉన్నా ఇవ్వచ్చని అది చెబుతుంది. దాన్ని ఇప్పుడు దరఖాస్తులోనే ఎత్తి రాయడం మంచిది, ఒకటి రెండు వాక్యాల్లో, ప్రజాప్రయోజనం ఏమిటో చెబుతూ. కారణం చెప్పనక్కర్లేదని పైన రాశాను కదా, అది నిజమే. కానీ పేర్లున్న కాగితం అడిగేటప్పుడు మాత్రం చెప్పడం మన మేలుకే. ఇంకోటి 10వ సెక్షన్. కాగితంలో ఒక ముక్క ఇవ్వకూడనిదైతే ఆ ముక్క కప్పేసి మిగతాది ఇవ్వాలి. ఒక్క పేరుందని ఫైలంతా దాచకూడదు. మా వీధి అర్జీ విషయంలో ఆ ఆఫీసు చేసింది సరిగ్గా అదే, ఆ మాట ఒప్పుకోవాలి. నేనూ ఆ పేరు కోసం పట్టుబట్టలేదు. మా వీధిలో ర్యాంపున్న ఇళ్ళు రెండే, అందులో ఒకరికి కారు లేదు.

మిగతా నిరాకరణల్లో ఎక్కువగా వినపడేవి మూడు. ‘విచారణ జరుగుతోంది’ అంటారు. విచారణ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఈ కాగితం ఇస్తే ఆ విచారణ ఎలా దెబ్బతింటుందో చెప్పాలని 2007లో భగత్‌సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ‘థర్డ్ పార్టీ ఒప్పుకోలేదు’ అంటారు. కాంట్రాక్టరును అడగడం రూలే, అయిదు రోజుల్లో నోటీసివ్వాలి, ఆయనకు పది రోజుల టైముంది. కానీ ఆయన వద్దనడం వీటో కాదు, నిర్ణయం అధికారిదే. మూడోది ‘ఫైలు దొరకలేదు’. ఇది మినహాయింపుల జాబితాలో ఎక్కడా లేదు. విశ్వాస్ భాంబుర్కర్ కేసులో 2013లో అదే హైకోర్టు, గట్టిగా వెతకాలి, నిజంగా పోతే బాధ్యులెవరో తేల్చాలి అంది. అప్పీలులో ఈ మాట రాస్తే చాలా ఫైళ్ళు దొరుకుతాయని టీ కొట్టు దగ్గరి ఆ వర్క్ ఇన్‌స్పెక్టరే చెప్పాడు, నవ్వుతూ.

అప్పీలు రెండు మెట్లు. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ముప్పై రోజుల్లోగా అదే సంస్థలో పై అధికారికి మొదటి అప్పీలు. ఆయన పేరు సమాచార అధికారి పేరుతో పాటు ఆఫీసు గోడ మీద బోర్డులో ఉండాలి, లేకపోతే జవాబు లేఖలోనైనా రాయాలి. ఫీజు లేదు. ముప్పై రోజుల్లో, కారణం రాస్తే నలభై అయిదు రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే తొంభై రోజుల్లో మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దగ్గర వరుస పెద్దది, ఓపిక కావాలి. అందుకే నా సలహా, మొదటి అప్పీలును ఊరికే తంతుగా రాయకండి. ఏ అంశానికి ఏం అడిగాం, ఏం వచ్చింది, ఏ సెక్షన్ ప్రకారం అది తప్పు, ఇలా వరుసగా రాయండి. ఇవ్వకపోవడం సబబేనని రుజువు చేసుకోవాల్సిన భారం సమాచార అధికారిదే, మనది కాదు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కే ఉంది, మొదటి అప్పీలు అధికారికి లేదు. ఆ జరిమానా పడేది ఆఫీసు మీద కాదు, ఆ అధికారి మీద. కొందరు కోపం కొద్దీ 18వ సెక్షన్ కింద నేరుగా ఫిర్యాదు చేస్తారు. దాంతో జరిమానా పడొచ్చేమో గానీ కాగితం చేతికి రాదని మణిపూర్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం కావాలంటే 19వ సెక్షన్ కింద అప్పీలే దారి.

అన్నిటికీ ఈ చట్టాన్నే పట్టుకోనక్కర్లేదు కూడా. జనన ధ్రువపత్రానికీ, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీకీ, భూమి రికార్డులైన అడంగల్, 1బిలకూ వాటి దారులు వాటికున్నాయి, సచివాలయంలోనో మీభూమిలోనో పని అయిపోతుంది. టెండర్లు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఉంటాయి, టెండరు నంబరు అక్కడే చూసుకుని దరఖాస్తులో రాస్తే క్లర్కుకు వెతుకులాట తప్పుతుంది. 4(1)(బి) ప్రకారం ప్రతి సంస్థా తనంతట తానే పదిహేడు అంశాలు ప్రకటించాలి. ఎవరి చేతిలో ఏ అధికారం ఉంది, ఏ రికార్డులు ఉన్నాయి, బడ్జెట్ ఎంత అన్నవి అందులో వస్తాయి. ఆ పుస్తకం పాతదే అయినా ఒకసారి తిరగేస్తే, ఏ కాగితం ఆఫీసులో ఏ విభాగం దగ్గర ఉంటుందో తెలుస్తుంది.

ఇక పని జరగడం వేరే సంగతి. సమాచార హక్కు కాగితం ఇస్తుంది, కాలువ కట్టదు. కట్టించుకోవడానికి సోమవారం గ్రీవెన్సు ఉంది. నకళ్ళు తీసుకుని అక్కడికే వెళ్ళాను. క్యూలో నా ముందు పెన్షను కోసం వచ్చిన పెద్దాయన, వెనక ఇంటిపన్ను రెండుసార్లు పడిందని వచ్చిన ఒకావిడ. నా వంతు వచ్చాక కాలువ ఆగిందని చెప్పలేదు. ఫలానా తేదీ నోట్ ప్రకారం ముప్పై మీటర్లు పక్క వీధికి మార్చారు, ఆ అభ్యంతరం మీద మిగతా ఇళ్ళవాళ్ళను అడిగినట్టు ఫైలులో ఎక్కడా లేదు, ఇదిగో పేజీ అని చూపించాను. అధికారి కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. పక్కనున్న డీఈ వైపు చూశారు. “కొత్త ఎస్టిమేట్ పెట్టండి” అన్నారు.

పెట్టారు. ఏఈ వచ్చి మళ్ళీ టేపు పట్టారు. ర్యాంపు ఇంటాయన గేటు దగ్గర నిలబడి మా అందరికంటే గట్టిగా, ఇన్నేళ్ళకు పట్టించుకున్నారా అని ఆయన్ని నిలదీశాడు. ఎవరం ఏమీ అనలేదు. ర్యాంపు కింద గొట్టం వేసి దాటిస్తామని ఏఈ చెబితే, “అదేదో అప్పుడే చెప్పుంటే పోయేది కదా సార్” అన్నాడు. ఆ కొత్త ఎస్టిమేట్‌కు పరిపాలనా ఆమోదం వచ్చిందో లేదో ఇంకా తెలియదు. దాని నకలు కోసం పోయిన మంగళవారం పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టాను.